పదిహేను వేలలో ఇంట్లో రైలు లేఅవుట్: హెచ్‌ఓ కొనాలా, ఎన్ కొనాలా?

చిన్నలైను · ఆదివారం ఉదయం 9:12

అందరికీ నమస్కారం. చెన్నై పెరుంగుడిలో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. మా పాప మూడో తరగతి. పోయిన నెల ఊరెళ్తుంటే గూడూరులో పక్క లైన్లో గూడ్సు బండి నుంచి ఇంజను విప్పడం చూసింది. అప్పట్నుంచి ఇంట్లో రైలు కావాలని ఒకటే గోల. నాకూ అది చిన్నప్పటి కోరికే అనుకోండి, పాప మీదకి తోస్తున్నాను. అన్నీ కలిపి 15 వేలు దాటకూడదని మా ఆవిడతో ఒప్పందం. హెచ్‌ఓ తీసుకోవాలా, ఎన్ తీసుకోవాలా? రెండూ బొమ్మ రైళ్ళ సైజుల పేర్లట. 8×4 అడుగుల ప్లైవుడ్ వేసుకోమని ఒకాయన అన్నారు. సోఫా జరిపితే హాల్లో పడుతుంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

మీటర్‌గేజ్ మావయ్య · 9:40

హెచ్‌ఓ. ఇందులో ఆలోచించడానికేమీ లేదు.

హెచ్‌ఓ అంటే 1:87, అసలు బండిలో 87వ వంతు, చేతికీ కంటికీ ఆనే సైజు. ఎన్ 1:160. పెట్టె వెడల్పు బొటనవేలంత ఉంటుంది, నాలాంటివాడు కళ్ళద్దాలు పెట్టుకున్నా తలుపెక్కడుందో కనపడదు.

డబ్బు పెట్టాల్సింది మూడింటికే: ఒక ఇంజను, పట్టాలు, బండిని పక్క లైనుకి మళ్ళించే పాయింట్లు ఒకట్రెండు. అవి కూడా వాడినవే వెతుక్కో. పెట్టెలు కొనొద్దు, చేసుకో. ఐసీఎఫ్ (పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ) పెట్టె పొడవు 21.34 మీటర్లు, 87తో భాగిస్తే 24.5 సెంటీమీటర్లు. పాత పెళ్ళి శుభలేఖల అట్ట దీనికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. గీసి, బ్లేడుతో కిటికీలు కోసి, లోపలి వైపు ప్లాస్టిక్ కాగితం అతికిస్తే అద్దాలు. చక్రాలు, పెట్టెల్ని కలిపే కప్లింగులు మాత్రం కొనక తప్పదు. నా దగ్గర అలాంటివి 14 పెట్టెలున్నాయి, మూడు బంధువుల పెళ్ళిళ్ళు అందులోనే అయిపోయాయి.

పట్టాల మధ్య కంకరకి ఇసుకని టీ వడకట్టేదాంతో జల్లించు. పరిచాక ఫెవికాల్, నీళ్ళు సగం సగం కలిపి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, సిరంజితో చుక్కలు చుక్కలుగా వదులు. ఆ ఒక్క చుక్క లేకపోతే జిగురు ఇసుకలోకి ఇంకదు, ముత్యాల్లా పైనే నిలబడుతుంది. కొండకి పాత పేపర్లు, మైదా పిండి జిగురు. గడ్డికి రంగు కలిపిన రంపపు పొట్టు. చెట్లకి గిన్నెలు తోమే పచ్చ పీచు. 15 వేలలో ఇంకా మిగులుతుంది కూడా.

1676 · 9:58

హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1676. దాన్ని 87తో భాగిస్తే 19.3 రావాలి. అంటే మావయ్యగారి 14 పెట్టెలూ దాదాపు మూడు మిల్లీమీటర్లు ఇరుకైన లైను మీద తిరుగుతున్నాయి. 16.5 సరిపోయేది 1435 స్టాండర్డ్ గేజ్‌కి. ముందు ఇది ఒప్పుకుని తర్వాత మాట్లాడదాం.

మీటర్‌గేజ్ మావయ్య · 10:05

నాయనా, ఏ చర్చ మొదలైనా నువ్విదే అంటావు. 19.3 పట్టా ఏ కొట్లో అమ్ముతారో చెప్పు, సాయంత్రమే వెళ్తా.

1676 · 10:09

కొట్లో దొరకదు, చేత్తో వేసుకోవాలి. లేదంటే పెట్టెల్ని 1:101 దగ్గర కట్టుకోండి, 16.5కి సరిపోతుంది. ఇంకో మాట. మీటర్‌గేజ్‌ని 87తో భాగిస్తే 11.5. అంటే మీ పేరులో ఉన్న గేజ్ కూడా మీ బోర్డు మీద లేదు.

ప్లాట్‌ఫాం టికెట్ · 10:11

మావయ్యకి గట్టిగా తగిలింది 😀

అద్దెకొంప · 10:47

చిన్నలైను గారూ, ఎన్ తీసుకోండి. 8×4 వద్దే వద్దు.

నాలుగడుగుల వెడల్పు బోర్డు మీద హెచ్‌ఓకి 18 అంగుళాల వ్యాసార్ధం వంపు వేస్తాం. 24.5 సెంటీమీటర్ల పెట్టె ఆ వంపులో తిరిగితే నడుము లోపలికి, మూలలు బయటికి పొడుచుకొస్తాయి. పక్కన స్తంభం పెడితే గీరుకుంటుంది. పది పెట్టెల బండి కట్టాలంటే దాదాపు రెండున్నర మీటర్లు, బోర్డు పొడవు 2.44 మీటర్లు. ఇంజను తన తోకని తనే తరుముతుంది. ఎన్‌లో అదే పెట్టె 13 సెంటీమీటర్లు, వంపుకి 25 సెంటీమీటర్ల వ్యాసార్ధం చాలు. రెండడుగుల వెడల్పున్న పాత తలుపు మీద చక్కగా పడుతుంది. ఆట అయ్యాక మంచం కిందకి తోసేయొచ్చు.

మీటర్‌గేజ్ మావయ్య · 11:02

ఎన్ పేరెత్తేవాళ్ళు ధర పేరెత్తరు. చాలావరకు బయటి దేశాల నుంచి రావాల్సిందే. బొమ్మల మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతం చేశారు, 2023లో 70. ఈ రైళ్ళూ ఆ పద్దులోకే వస్తాయి. 15 వేలలో ఎన్ ఇంజను కొని నీ తలుపు మీద ఒంటరిగా పెట్టుకుంటాడా?

అద్దెకొంప · 11:06

సుంకం హెచ్‌ఓకీ అంతే కదా. 70 శాతం ఎన్‌కి మాత్రమే పడుతుందా?

మీటర్‌గేజ్ మావయ్య · 11:08

హెచ్‌ఓ ఇక్కడ చేతులు మారుతుంది, వాడినవి దొరుకుతాయి. ఎన్ అమ్మేవాణ్ణి ఒక్కణ్ణి చూపించు.

అద్దెకొంప · 11:10

నేను జాగా గురించి చెప్తుంటే మీరు ధర గురించి చెప్తారు.

1676 · 11:15

ఎన్ పట్టా 9 మిల్లీమీటర్లు. 1676ని 160తో భాగిస్తే 10.5. అదీ తప్పే.

రిచీ స్ట్రీట్ బాబు · 11:31

గొడవ మధ్యలో పనికొచ్చే మాట ఒకటి. కంట్రోలరు కొనకండి. 12 వోల్టుల అడాప్టరు, మోటారు స్పీడు మార్చే పీడబ్ల్యూఎం బోర్డు, ముందుకీ వెనక్కీ మార్చడానికి ఆరు కాళ్ళ స్విచ్చి, అన్నీ మా వీధిలో ఆరు వందల్లోపే వస్తాయి. బండి పట్టా తప్పిందంటే షార్ట్ అవుతుంది, ఆ చిన్న బోర్డు కాలిపోతుంది. కాబట్టి పట్టాలకి వెళ్ళే ఒక తీగ మధ్యలో కారు ఇండికేటర్ బల్బు పెట్టండి. షార్ట్ అయితే బల్బు వెలుగుతుంది, బోర్డు బతుకుతుంది. పాతకాలపు చిట్కా, ఇప్పటికీ దీన్ని మించింది లేదు.

డీసీసీ (ఒక్కో ఇంజన్ని విడిగా నడిపే డిజిటల్ పద్ధతి) అని ఎవరైనా చెప్తే ఇప్పుడే వినకండి, ప్రతి ఇంజనుకీ ఒక డీకోడరు కొనాలి. తర్వాత మనసైతే ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డు మీద నడిచే డీసీసీ-ఈఎక్స్ ఉచితంగా ఉంది.

పాత సెట్టు కొనేటప్పుడు ఇనుప పట్టాలైతే వదిలేయండి. మీది సముద్రానికి దగ్గర, తుప్పు తుడవడంతోనే సరిపోతుంది. నికెల్ సిల్వర్ ఉందా అని అడగండి. పేరుకే సిల్వర్, ఉండేది రాగి, నికెల్, జింకు.

ప్లాట్‌ఫాం టికెట్ · 11:34

గడ్డికి వాడేసిన టీ పొడి కూడా వాడొచ్చంటారు. నేను సరిగ్గా ఎండబెట్టకుండా చల్లాను. వారానికి లేఅవుట్ మీద నిజంగానే అడవి మొలిచింది, బూజుది.

మీటర్‌గేజ్ మావయ్య · 12:20

సరే, చిన్నలైనుకి చివరి మాట. 8×4 బోర్డు, హెచ్‌ఓ, ఒక ఓవల్, లోపల రెండు సైడింగులు, అంటే పక్కకి చీలి ఆగిపోయే లైన్లు. భయపడేవాళ్ళ మాట విని బుల్లి రైలు కొనకు, మూడు నెలలకి విసుగొస్తుంది.

అద్దెకొంప · 12:52

"భయపడేవాళ్ళు" అన్నారు కాబట్టి చెప్తున్నాను. రెండేళ్ళ కిందట ఇదే వేదికలో ఇదే సలహా నాకిచ్చారు, ఈ మావయ్యగారే. 8×4, హెచ్‌ఓ, ఓవల్, రెండు సైడింగులు. అక్షరం పొల్లుపోలేదు.

అప్పుడు వేళచేరిలో మొదటి అంతస్తులో ఉండేవాణ్ణి. అంతా కలిపి 22 వేలయింది. ఎనిమిది నెలలు ఆదివారాలన్నీ దానికే పోశాను. ఓనరుగారి అబ్బాయికి పెళ్ళి కుదిరింది, పోర్షన్ కావాలన్నారు, నెల గడువు. ప్లైవుడ్ ఒక్కటే ఉన్నప్పుడు నిలువుగా తిప్పి పైకెక్కించాం. కింద చట్రం, పైన కొండ, సొరంగం వచ్చాక మెట్ల మలుపులో తిరగలేదు. సామాను బండివాళ్ళు కింద హారన్ కొడుతున్నారు. నేను రంపం తీసుకుని సొరంగం మధ్య నుంచి అడ్డంగా కోశాను.

ఇప్పుడు అదే మాట ఇంకో అద్దె ఇంటివాడికి చెప్తున్నారు.

మీటర్‌గేజ్ మావయ్య · 1:03

రెండు ముక్కలుగా కట్టి బోల్టులతో బిగించమని నీకు చెప్పాను. ఆ పోస్టు ఇంకా ఉంది. చదవకపోతే నా తప్పా?

అద్దెకొంప · 1:07

చెప్పారు. నేను చట్రం బిగించి ఫొటో పెట్టాక మూడు వారాలకి చెప్పారు.

మీటర్‌గేజ్ మావయ్య · 1:10

ఫొటో చూస్తేనే కదా ఒకే ముక్కగా కట్టావని తెలిసేది!

1676 · 1:12

బోల్టుల కీలు దగ్గర పట్టాల మధ్య దూరం సరిగ్గా నిలబడదు. అసలే ఇరుకు.

అద్దెకొంప · 1:15

మీరు కాసేపు ఊరుకోండి సార్.

మావయ్యగారూ, మీ లెక్కలో ఎప్పుడూ ఒకటి ఉండదు. ఇప్పుడు నేనుండే మేడవాక్కం ఇంటికి 24 వేలు ఇస్తున్నాను, 800 చదరపు అడుగులు. అడుగుకి 30 రూపాయలు. 8×4 అంటే 32 అడుగులు, నెలకి 960, ఏడాదికి 11,520. చుట్టూ నిలబడే జాగా ఇందులో లేదు. శుభలేఖల అట్టతో మీరు మిగిల్చేది ఎంత? మీకు అయనావరంలో సొంతిల్లు, మేడ మీద గది. ఆ గదికి నెలనెలా ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు కాబట్టి రైలు చౌక అంటున్నారు. మాకు రైలు చౌకే, అది నిలబడే నేల చౌక కాదు. ఇది చెప్పకుండా "15 వేలలో ఇంకా మిగులుతుంది" అంటే నా దృష్టిలో అబద్ధమే.

ప్లాట్‌ఫాం టికెట్ · 1:17

అబ్బో.

నిర్వాహకుడు · 1:30

"అబద్ధం" లాంటి మాటలు వద్దు. పెద్దాయన. చర్చ ఆపను, గొంతు తగ్గించండి.

మీటర్‌గేజ్ మావయ్య · 2:44

భోంచేసి వచ్చాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను, తగ్గలేదు.

నేను పుట్టింది మేడ గదిలో కాదు. రైల్వే క్వార్టర్స్‌లో ఒక గది, ఆరుగురం. బీచ్-తాంబరం మీటర్‌గేజ్ కరెంటు బండి శబ్దానికి నిద్రపోయినవాణ్ణి. ఆ లైను 1931లో మొదలైంది, 2004లో మీటర్‌గేజ్ బండ్లు ఆగిపోయిన రోజు కూడా చూశాను. చిన్నప్పుడు అగ్గిపెట్టెలకి దారం కట్టి మంచం కింద లాగేవాణ్ణి. మేడ గది నాకు 58వ ఏట వచ్చింది.

అద్దె లెక్క నేనెప్పుడూ వేయలేదు. అది నిజమే. కానీ నువ్వు ఆ రోజు కోసిన ముక్కల ఫొటో పెట్టావు చూడు, సొరంగం నోట్లోంచి పట్టా బయటికొచ్చి గాల్లో ఆగినట్టు. దాని కింద నేనేమీ రాయలేదు. ఏం రాయాలో తెలియలేదు. నువ్వేమో నేను పట్టించుకోలేదనుకున్నావు.

అద్దెకొంప · 2:58

అవును, అలాగే అనుకున్నాను.

గూడూరు జంక్షన్ · 3:20

మొదటి పోస్టు మళ్ళీ చదవండి. పాప చూసింది ఇంజను విప్పడం. మీరంతా పొద్దున్నుంచి బండిని గుండ్రంగా తిప్పుతున్నారు.

చిన్నలైను · 3:41

నిజమే. పాపని అడిగాను. "తిరగడం ఏముంది, విప్పి మళ్ళీ తగిలించాలి" అంది. అలాంటి లేఅవుట్ ఉంటుందా?

1676 · 3:55

ఉంటుంది. ఇంగిల్‌నుక్ అంటారు, బ్రిటన్‌లో పుట్టిన షంటింగ్ ఆట, అంటే వ్యాగన్లని విప్పి తగిలించి సర్దడం. మూడు సైడింగులు: ఒకదాంట్లో ఐదు వ్యాగన్లు, మిగతా రెండింట్లో మూడేసి పట్టాలి. ఇంజను వెనక్కీ ముందుకీ ఆడే లైన్లో ఇంజనుతో పాటు మూడు వ్యాగన్లు పట్టాలి. పాయింట్లు రెండే. మొత్తం 8 వ్యాగన్లు. చీటీలు తీసి, వచ్చిన ఐదింటిని వచ్చిన వరుసలోనే పెద్ద సైడింగులో నిలబెట్టాలి. 8లోంచి 5 వరుసగా ఎంచితే 6,720 రకాలు. రోజుకొకటి ఆడినా పద్దెనిమిదేళ్ళు. మన చెన్నైలో ఉన్నట్టు సాల్ట్ కొటార్స్ గూడ్సు యార్డు అని పేరు పెట్టుకోండి. పొట్టి నాలుగు చక్రాల వ్యాగన్లైతే హెచ్‌ఓలో ఐదడుగుల పొడవు, అడుగు వెడల్పు పలక చాలు. ఎన్‌లో మూడడుగులు.

గేజ్ మాత్రం రెండింట్లోనూ తప్పే.

రిచీ స్ట్రీట్ బాబు · 4:02

ఒక ఇంజను, రెండు పాయింట్లు, వంపు పట్టాలే లేవు. 15 వేలలో పడుతుంది. వ్యాగన్ల డబ్బాలు శుభలేఖలతో చేయండి, మావయ్యగారు సంతోషిస్తారు.

మీటర్‌గేజ్ మావయ్య · 4:30

అద్దెకొంపా, ఆ కోసిన ముక్కలు పారేశావా?

అద్దెకొంప · 4:36

ఒకటి పారేశాను. ఇంకోటి మంచం కింద ఉంది, 4×4. పట్టాలు ఊడదీశాను, రెండు పాయింట్లు బాగానే ఉన్నాయి. హెచ్‌ఓవి.

మీటర్‌గేజ్ మావయ్య · 4:39

దాంట్లోంచి రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు ముక్కలు రెండు వస్తాయి. పొడవుగా ఒకదాని చివర ఒకటి పెట్టి బోల్టులతో బిగిస్తే ఐదడుగులు. ఈసారి బోల్టుల మాట ముందే చెప్తున్నాను.

అద్దెకొంప · 4:51

నేను ఇక హెచ్‌ఓ వేయను. చిన్నలైను గారూ, పాయింట్లతో సహా మీరే తీసుకెళ్ళండి. డబ్బులేమీ వద్దు. పెరుంగుడి నుంచి ఎంత దూరం.

చిన్నలైను · 4:55

అయ్యో, చాలా థాంక్స్ అన్నా! నాకున్నది స్కూటరే, 4×4 ఎలా తేవాలో ఆలోచిస్తున్నా.

మీటర్‌గేజ్ మావయ్య · 4:57

కోసి ఇస్తాడులే. రంపం ఉందిగా.

అద్దెకొంప · 5:02

ఆ రంపం వేళచేరి ఓనరుగారిది.