పెద్దవాళ్ల కమ్యూనిటీలో బతుకమ్మ నుంచి దీపావళి దాకా: వాళ్ల చేతుల మీదుగా ఎలా నడిపించాలి?

ప్రశ్న:
హైదరాబాద్ శివార్లలో ఒక సీనియర్ లివింగ్ కమ్యూనిటీ. నలభై మంది ఉంటారు, సగం తెలంగాణ వాళ్లు, సగం ఆంధ్ర వాళ్లు. ఎనిమిది మంది వీల్‌చైర్‌లో ఉంటారు, నలుగురికి మతిమరుపు జబ్బు. ఏటా బయటి బృందం వచ్చి బతుకమ్మ ఆడి వెళ్తుంది, వీళ్లు కూర్చుని చూస్తారు. ఈసారి పెత్రమాస (బతుకమ్మ మొదలయ్యే మహాలయ అమావాస్య) నుంచి దీపావళి దాకా పనంతా వాళ్ల చేతే చేయించాలని ఉంది. పూలు, తిండి, పాత కబుర్లు చెప్పించడం, వీటిలో ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో తెలిసినవాళ్లు చెప్పండి.

మొదటి జవాబు:
తొమ్మిది రోజులూ పెద్ద బతుకమ్మ పెట్టుకోకండి. మొదటి రోజు ఎంగిలిపూల నాడు, చివరి రోజు సద్దుల నాడు పెద్దవి, మిగతా రోజుల్లో చిన్నవి చాలు. పెత్రమాస పొద్దున చాలామంది తర్పణాల్లో, స్వయంపాకం (వంట సరుకుల దానం) ఇవ్వడంలో ఉంటారు, పోయినవాళ్ల తలపుతో మనసు బరువుగా ఉంటుంది. పూల దగ్గరకు మధ్యాహ్నం దాటాకే పిలవండి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఎలాగూ ఆడరు, అందరికీ విశ్రాంతి.

పద్నాలుగు అంగుళాల తాంబాళంలో అడుగు ఎత్తున పేర్చాలంటే సుమారుగా కిలో బంతి, అరకిలో చామంతి, నాలుగైదు కట్టలు గునుగు, ఒక ఒడి నిండా తంగేడు కావాలి. బంతి, చామంతి గుడిమల్కాపూర్ మార్కెట్లో తెల్లవారకముందే తెచ్చుకోండి. తంగేడు కోసిన కొద్ది గంటలకే వాడుతుంది, తడిగుడ్డ చుట్టి నీడలో ఉంచాలి. గునుగుకు రంగు వేయాలంటే ముందురోజే వేడినీళ్లలో రంగు కలిపి ముంచి, తలకిందులుగా వేలాడదీసి ఆరబెట్టండి. తడి ఆరకపోతే ఆ రంగు పట్టుచీరలకు అంటుతుంది, మళ్లీ పోదు.

వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ల మోకాళ్లు కిందికి దూరేంత ఎత్తు బల్ల వేయండి. గునుగు కాడలు నాలుగు వేళ్ల పొడవున సమంగా కత్తిరించడం సిబ్బంది పని, కత్తెర పట్టడానికి కీళ్లనొప్పుల చేతులు సహకరించవు. ఆ చేతులకు తంగేడు రెబ్బలు విడదీసే పని ఇవ్వండి. అడుగున గుమ్మడాకులు పరిచి, పూల ముఖం బయటికి, కాడ లోపలికి వచ్చేలా వరుస పేర్చాలి. ఒక్కో వరుస కాగానే మధ్యలో తరిగిన ఆకులు, కాడలు వేసి గట్టిగా అదమాలి. బతుకమ్మ ఒరిగిందంటే చాలావరకు ఈ మధ్య భాగం గుల్లగా ఉండటం వల్లే. పైన పసుపు గౌరమ్మ. పూలు నిండిన తాంబాళం బరువు, ఇద్దరు సిబ్బంది మోయాలి.

ఆట నాలుగున్నరకే మొదలుపెట్టండి. ఆ రోజుల్లో ఆరు గంటలకల్లా పొద్దు గూకుతుంది, వాన పడే సాయంత్రాలూ ఉంటాయి, కాబట్టి లోపల హాలు సిద్ధంగా ఉండాలి. లోపలి వలయం కుర్చీలు, వీల్‌చైర్లు, బయటి వలయం నడవగలిగినవాళ్లు. వంగి లేస్తూ చప్పట్లు కొట్టనివ్వకండి, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. ఛాతీ ఎత్తులో చప్పట్లు, మూడు చుట్లకోసారి ఆగడం, అంతే. పాట ఎత్తుకునేది మైకు కాదు, వాళ్లలో ఒకావిడే. టేపు వేస్తే ఆ వేగానికి కాళ్లు తడబడతాయి. నిమజ్జనానికి చెరువుకు వద్దు, వెడల్పాటి తొట్టి పెట్టి చుట్టూ గోనెసంచులు పరిస్తే జారరు.

రెండో జవాబు (తిండి గురించి):
అసలు భయం తీపి కాదండీ, పొలమారడం. మలీద (రొట్టె, బెల్లం నలిపి చేసేది), సత్తుపిండి పొడిపొడిగా పెడితే నోరు ఎండిపోయేలా చేసే మందులు వాడేవాళ్లకు గొంతుకు అడ్డం పడుతుంది. గోరువెచ్చని పాలు, నెయ్యి వేసి నిమ్మకాయంత మెత్తని ఉండలు చేయండి. నువ్వులు కట్టుడు పళ్ల కిందికి చేరి కోస్తాయి, చివరి రోజు చేసే సద్దుల్లో (కలిపిన అన్నాల్లో) వేయించి పొడిచేసి కలపండి. ముద్దపప్పు రోజు అందరికీ తేలిక. అటుకులు పాలల్లో పూర్తిగా నాననివ్వండి. వేపకాయల రోజు వేయించిన పిండి గట్టిగా ఉంటుంది, అదే ఆకారంలో ఆవిరి మీద ఉడికించవచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు వేరే పళ్లెం పెట్టి వేరు చేయకండి. అందరికీ ఒకే చిన్న ఉండ పెట్టండి.

మూడో జవాబు (పాత కబుర్లు చెప్పించడం గురించి):
మతిమరుపు ఉన్నవాళ్లను "గుర్తుందా?" అని అడగవద్దు. అది పరీక్షలా తగులుతుంది, సమాధానం దొరక్క బెదిరిపోతారు. చేతిలో తంగేడు కొమ్మ పెట్టి ఊరుకోండి, లేదా "మీ ఊళ్లో బతుకమ్మను చెరువులో వేసేవాళ్లట కదా" అనండి. నలుగురైదుగురే కూర్చోవాలి, అరగంట దాటకూడదు, పొద్దున పది గంటల వేళ మంచిది, సాయంత్రానికి చికాకు పెరుగుతుంది. ఒకసారికి ఒకే వస్తువు: పసుపుకొమ్ము, రోలు, ప్రమిద. ఊరి పేరు తప్పు చెప్పినా దిద్దకండి. పూలు నోట్లో పెట్టుకునేవాళ్లు ఉంటారు, పక్కన మనిషి ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా ఉపయోగం అండీ. ఇంకొకటి. భర్త పోయినవాళ్లు ఎక్కువమంది. పసుపు కుంకుమ ఇచ్చే సమయానికి కొందరు లేచి వెళ్లిపోతున్నారు. ఏం చేయాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు:
వరుసలో నిలబెట్టి ఇవ్వడమే తప్పు. ఇచ్చే మనిషి ఒక్క క్షణం తటపటాయిస్తే చాలు, పదిమందిలో చిన్నబుచ్చినట్టవుతుంది. గౌరమ్మ పసుపు, పూలు, ప్రసాదం బల్ల మీద పెట్టండి, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు. పాట ఎత్తుకోవడం, మొదటి వరుస పేర్చడం వీళ్లకే అప్పగించండి, పని ఎక్కువ తెలిసిన చేతులు అవే. పిలుపు మాత్రం రెండు రోజుల ముందే గదికి వెళ్లి విడిగా చెప్పాలి.

మూడో జవాబు ఇచ్చినవారు:
ఆంధ్ర వాళ్ల కోసం అట్లతద్దె మరవకండి, ఆశ్వయుజ పౌర్ణమి దాటిన మూడో రోజు. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్లు ఉపవాసం ఉంటామంటే డాక్టరును అడగకుండా ఒప్పుకోవద్దు. గోరింటాకు చెట్టుది రుబ్బండి, నల్లగా పండే కోన్లతో చర్మం బొబ్బలెక్కవచ్చు. పండిన గోరు మీద ఆక్సిజన్ చూసే పరికరం తప్పు చూపవచ్చు, అందుకే ఒక్కొక్కరికి ఒక వేలు వదిలేయండి. దీపావళికి ప్రమిదలు రాత్రంతా నీళ్లలో నానబెడితే నూనె అంతగా పీల్చవు. వాటిని వసారాలో నడుం ఎత్తు గట్టు మీద పెట్టాలి, నేల మీద పెడితే చీర కుచ్చిళ్లు అంటుకుంటాయి. ఆక్సిజన్ పెట్టుకునేవాళ్ల దగ్గర మాత్రం బ్యాటరీ దీపమే.