డిజిటల్ కేబుల్ ప్రసారాలను ఇంటి కంప్యూటర్‌లో రికార్డు చేయడం: పేర్లు వచ్చాయి, బొమ్మ రాలేదు

ప్రశ్న
పెన్నాగట్టు, ప్రొద్దుటూరు

సభ్యులందరికీ నమస్కారం.

మా నాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. మా ఊళ్లో దసరా రోజుల్లో అమ్మవారిశాల ఉత్సవాలనూ, అప్పుడప్పుడు జరిగే అవధాన సభలనూ మా కేబుల్ ఆపరేటర్ తన సొంత లోకల్ ఛానల్‌లో ప్రత్యక్షంగా చూపిస్తారు. నాన్నగారు నోటు పుస్తకం, పెన్ను పట్టుకొని టీవీ ముందు కూర్చుంటారు గానీ, ధారణ (పూరించిన పద్యాలను చివర్లో వరుసగా మళ్లీ చెప్పడం) మొదలైన తర్వాత మొదటి పద్యం రెండో పాదం రాసుకునేలోపు అవధాని మూడో పద్యంలో ఉంటారు. ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ వినే వీలుంటే ఆయనకు ఎంతో ఉపయోగం. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు కర్మాగారంలో నాది షిఫ్టు ఉద్యోగం కాబట్టి, నేను ఇంట్లో లేకపోయినా అనుకున్న సమయానికి రికార్డింగు దానంతట అదే మొదలు కావాలి.

ఇంట్లో ఐ3 ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు ఉన్న పాత డెస్క్‌టాప్ ఉంది. అందులో విండోస్ 10 నడుస్తోంది. డీవీబీ-సీ (డిజిటల్ కేబుల్ ప్రసారాల పద్ధతి) సంకేతాన్ని అందుకుంటుందని రాసి ఉన్న ఒక యూఎస్‌బీ ట్యూనర్‌ను ఆన్‌లైన్‌లో కొని, గోడ నుంచి వచ్చే కేబుల్ వైరును స్ప్లిట్టర్‌తో రెండుగా చీల్చి, ఒకటి సెట్‌టాప్ బాక్సుకూ మరొకటి ట్యూనర్‌కూ కలిపాను. స్కానింగు మొదలుపెట్టగానే ఛానళ్ల పేర్లు వరుసగా వచ్చాయి. మా లోకల్ ఛానల్ పేరు కూడా కనిపించడంతో నాన్నగారిని పిలిచి మరీ చూపించాను. తీరా ఏ పేరును నొక్కినా నల్ల తెరే తప్ప బొమ్మ లేదు, శబ్దమూ లేదు. ట్యూనర్ లోపమా, నా అమరికలో పొరపాటా, లేక ఇది అసలు కుదరని పనేనా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1
పాత హెడ్‌ఎండ్ మనిషి, కర్నూలు

మీ ట్యూనర్‌లో లోపం లేదు, మీ అమరికలోనూ లేదు. పేర్లు రావడమే అందుకు నిదర్శనం.

కేబుల్ వైరులో ఒక్కొక్క ఫ్రీక్వెన్సీ మీద డేటా ప్రవాహం ఒకటి వస్తుంది. మన దేశంలో వాడే డీవీబీ-సీ పద్ధతిలో మామూలు అమరిక (64-క్వామ్, 6875 సింబల్ రేటు) పెడితే ఆ ఒక్క ప్రవాహంలో సెకనుకు సుమారు 38 మెగాబిట్ల (ఎంబీపీఎస్) డేటా పడుతుంది, అంటే పదికి పైగా మామూలు ఛానళ్లు అందులో ఇమిడిపోతాయి. ఏ ఛానల్ ఎక్కడుందో, దాని పేరేమిటో చెప్పే పట్టికలు అదే ప్రవాహంలో తాళం లేకుండా ప్రయాణిస్తాయి; బొమ్మకూ శబ్దానికీ మాత్రం తాళం ఉంటుంది. తాళంచెవి మీ సెట్‌టాప్ బాక్సులోనో, దానికి జత చేసిన స్మార్ట్ కార్డులోనో ఉంటుంది. అందుకే మీ ట్యూనర్ పేర్లను చదివి అక్కడితో ఆగిపోయింది.

ఉచిత ఛానళ్లయినా తాళం లేకుండా రావాలి కదా అని చాలామంది అడుగుతుంటారు. 2011లో కేబుల్ టెలివిజన్ చట్టాన్ని సవరించినప్పుడు, ఏ ఛానల్‌నైనా ఎన్‌క్రిప్ట్ చేసి అడ్రసబుల్ వ్యవస్థ (ఒక్కొక్క బాక్సునూ విడిగా గుర్తించి అనుమతించేది) ద్వారానే పంపాలన్న నిబంధన వచ్చింది. 2012 నవంబరులో మహానగరాలతో మొదలైన ఈ మార్పుకు మనలాంటి పట్టణాల గడువు 2015 డిసెంబరు 31, పల్లెల గడువు 2017 మార్చి 31. అంతకుముందు అనలాగ్ రోజుల్లో అయితే, ఒక ట్యూనర్ కార్డు కంప్యూటర్‌లో పెట్టుకుంటే సరిపోయేది.

ఇంటర్నెట్‌లో అమెరికావాళ్ల మార్గదర్శకాలు చదివితే కేబుల్‌కార్డు అనే మాట కనిపిస్తుంది. అక్కడ ఆ కార్డును ఆపరేటర్ దగ్గర తీసుకొని కంప్యూటర్ ట్యూనర్‌లోనే పెట్టుకునేవారు, విండోస్ మీడియా సెంటర్‌లో రికార్డు చేసేవారు. మన ఆపరేటర్లు అలాంటి కార్డు ఇవ్వరు. విండోస్ 10తో మీడియా సెంటర్ పోయింది, 2020లో అక్కడి నియంత్రణ సంస్థ కూడా కేబుల్‌కార్డు నిబంధనను ఎత్తివేసింది. కాబట్టి ఆ దారి వెతకడం మానుకోండి.

ఇక ఒక సాదా మాట. మీరు కోరుతున్నది ఆపరేటర్ సొంత ఛానల్ కార్యక్రమం కదా. సభ చిత్రీకరణ ఫైలు వారి దగ్గరే కొన్నాళ్లు ఉంటుంది. ఒక పెన్‌డ్రైవ్ పట్టుకొని ఆఫీసుకు వెళ్లి అడిగితే, నేను పనిచేసిన హెడ్‌ఎండ్‌లో (ఛానళ్లను పోగుచేసి కేబుల్‌లోకి పంపే కేంద్రంలో) ఎవరినీ కాదని పంపలేదు.

సమాధానం 2
గడియారస్తంభం, అనంతపురం

పెన్‌డ్రైవ్ సలహా బాగుంది గానీ, ప్రతిసారీ వెళ్లి అడగడం ఎవరికైనా మొహమాటమే. బాక్సు తాళం తీసిన తర్వాత బయటికి వచ్చే బొమ్మను పట్టుకోవడమే మన దగ్గర కుదిరే పని. రెండేళ్లుగా నేను చేస్తున్నది అదే కాబట్టి, నేను పడిన తిప్పలన్నీ చెబుతాను.

సెట్‌టాప్ బాక్సు వెనుక ఏవీ అవుట్ (బొమ్మ, శబ్దం బయటికి వచ్చే చోటు) చూడండి. కొన్నింటికి ఎరుపు, తెలుపు, పసుపు రంధ్రాలు మూడు విడివిడిగా ఉంటాయి. కొన్నింటికి హెడ్‌ఫోన్ పిన్ను పట్టేలాంటి రంధ్రం ఒక్కటే ఉంటుంది. మీది రెండో రకమైతే బాక్సుతోపాటు ఇచ్చిన వైరునే వాడండి. బజారులో దొరికే వైర్లు చూడటానికి ఒకేలా ఉన్నా లోపల తీగల వరుస వేరుగా ఉంటుంది, పసుపు పిన్నులో బొమ్మకు బదులు శబ్దం వస్తుంది. నేను ఒక సాయంత్రమంతా క్యాప్చర్ పరికరం (బొమ్మనూ శబ్దాన్నీ కంప్యూటర్‌లోకి తీసుకునేది) పాడైందనుకొని తిట్టుకున్నాను. చివరికి ఎర్ర పిన్నును పసుపు రంధ్రంలో పెడితే బొమ్మ వచ్చింది.

ఆ మూడు పిన్నులను ఈజీక్యాప్ రకం యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి కలిపి, దాన్ని కంప్యూటర్‌కు పెట్టండి. వీడియో ప్రమాణాన్ని తప్పనిసరిగా మన దేశంలో వాడే పాల్‌కు మార్చండి. చాలా పరికరాలు మొదట అమెరికా ప్రమాణమైన ఎన్‌టీఎస్‌సీలో ఉంటాయి, అప్పుడు బొమ్మ రంగులు లేకుండానో, పైకి కిందికి దొర్లుతూనో కనిపిస్తుంది. పాల్‌లో మీకు వచ్చేది 720 చుక్కల (పిక్సెళ్ల) వెడల్పు, 576 గీతల ఎత్తు, సెకనుకు 25 ఫ్రేములు. హెచ్‌డీ నాణ్యత ఉండదు గానీ, అవధాని ముఖమూ మాటా స్పష్టంగా రావడానికి అది చాలు. కదిలే చోట దువ్వెన పళ్లలాంటి చారలు కనిపిస్తే వాటిని తొలగించే డీఇంటర్లేస్ ఆన్ చేయండి; ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో యాడిఫ్ అన్న పేరుతో ఉంటుంది.

మీకు ముఖ్యమైనది శబ్దం కాబట్టి దాని గురించి కొంత ఎక్కువ చెబుతాను. ఈ పరికరం శబ్దాన్ని విండోస్ మైక్రోఫోన్‌గా లెక్కిస్తుంది. ప్రైవసీ సెట్టింగులలో మైక్రోఫోన్ అనుమతి మూసి ఉంటే బొమ్మ వస్తుంది, శబ్దం మాత్రం రాదు. ధ్వని స్థాయిని బాక్సులో దాదాపు పూర్తిగా పెంచి, కంప్యూటర్ వైపు తగ్గించి పెట్టుకోండి. తలకిందులుగా చేస్తే హోరు కూడా పెరిగి, పద్యంలో ద్విత్వాక్షరాలు వినపడవు.

ఫైలు పరిమాణానికి బెంగ అక్కర్లేదు. 4 ఎంబీపీఎస్ పెట్టినా గంటకు 1.8 జీబీ, మూడు గంటల సభకు 5.4 జీబీ అవుతుంది. అయితే ఫైలు రకాన్ని ఎంపీ4 కాకుండా ఎంకేవీ పెట్టుకోండి. ఎంపీ4లో విషయసూచిక రికార్డింగు ముగిసినప్పుడు చివర్లో రాయబడుతుంది; మధ్యలో కరెంటు పోతే మొత్తం ఫైలు తెరుచుకోదు. ఎంకేవీ అయితే అప్పటివరకు రికార్డయినదైనా మిగులుతుంది. మన జిల్లాల్లో ఈ ఒక్క మార్పు మీ రికార్డింగులను ఎన్నోసార్లు కాపాడుతుంది. కంప్యూటర్‌తోపాటు బాక్సును కూడా యూపీఎస్‌కే పెట్టండి. కంప్యూటర్‌ను మాత్రమే యూపీఎస్ మీద పెట్టి, ఆగిపోయిన బాక్సు తాలూకు నల్ల తెరను రెండు గంటలపాటు శ్రద్ధగా రికార్డు చేసినవాడిని నేను.

సమయానికి మొదలు కావడానికి విండోస్ టాస్క్ షెడ్యూలర్ ఉంది. నిద్రలో ఉన్న కంప్యూటర్‌ను లేపి పని మొదలుపెట్టే ఎంపిక అందులోనే ఉంటుంది. రికార్డింగుకు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రామును పిలిచి వ్యవధిని సెకన్లలో చెబితే, గడువు తీరగానే అదే ఆగుతుంది. మూడు గంటలంటే 10800. సభలు చెప్పిన సమయానికి ముగియవు కాబట్టి ఇంకో గంట కలుపుకోండి.

మిగిలింది ఛానల్ మార్చడం. బాక్సు ఏ ఛానల్‌లో ఉందో కంప్యూటర్‌కు తెలియదు. మీకు కావలసింది లోకల్ ఛానల్ ఒక్కటే అయితే డ్యూటీకి వెళ్లేముందు దాన్ని పెట్టి వెళ్లండి. లేదంటే రిమోట్ సంకేతాలను నేర్చుకొని పంపే ఇన్‌ఫ్రారెడ్ పరికరం ఒకటి కొని, దాని బల్బును బాక్సు కంటికి ఎదురుగా అతికించాలి. అప్పుడు అంకెల బటన్లను మాత్రమే పంపించండి, పవర్ బటన్ జోలికి పోకండి; బాక్సు అప్పటికే వెలుగుతూ ఉంటే ఆ ఆజ్ఞతో ఆరిపోతుంది.

సమాధానం 3
దేవునికడప

హెచ్‌డీఎంఐ నుంచి తీసుకుంటే నాణ్యత ఇంకా బాగుంటుంది కదా? నా దగ్గరున్న హెచ్‌డీఎంఐ క్యాప్చర్ పరికరంతో ప్రయత్నిస్తే నల్ల తెర వస్తోంది. ఏదో స్ప్లిట్టర్ మధ్యలో పెడితే పోతుందని విన్నాను.

సమాధానం 4
పాత హెడ్‌ఎండ్ మనిషి, కర్నూలు

మీకు నల్ల తెర రావడానికి కారణం హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ. బాక్సుకూ టీవీకీ మధ్య హెచ్‌డీఎంఐ వైరులో కూడా తాళం ఉంటుంది, క్యాప్చర్ పరికరం దగ్గర ఆ తాళంచెవి ఉండదు. దాన్ని తప్పించే ఉపాయాలను నేను ఇక్కడ చెప్పను, ఎవరినీ చెప్పవద్దనే కోరుతాను. 1957 నాటి కాపీరైట్ చట్టం 39వ సెక్షను, రికార్డు చేసుకున్న వ్యక్తి సొంత వినియోగం కోసం ప్రసారాన్ని రికార్డు చేయడాన్ని ఉల్లంఘనగా చూడదు. అదే చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షను మాత్రం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను దాటడాన్ని నేరంగా పరిగణిస్తుంది. ఏవీ అవుట్‌తో ఇంట్లో చూసుకోవడానికి ఈ చిక్కు ఏదీ లేదు.

ఇంకొక విషయం. అప్పుడప్పుడు తెర మీద ఒక మూల అంకెల వరుస మెరిసి మాయమవుతుంది, గమనించారా? అది మీ బాక్సు గుర్తు, అంటే రికార్డింగు ఏ బాక్సు నుంచి వచ్చిందో చెప్పేది. మీ రికార్డింగులోనూ అది పడుతుంది. ఇంట్లో నాన్నగారు చూడటానికి అడ్డేమీ లేదు, ఆ ఫైలును నలుగురికీ పంచే ముందు మాత్రం గుర్తుంచుకోండి.

సమాధానం 5
ఆదోని నేస్తం

ప్రశ్న లోకల్ ఛానల్ గురించే అని తెలుసు, అయినా ఆ ట్యూనర్ మీద అంత ఖర్చు పెట్టారు కాబట్టి ఇది చెబుతున్నాను. ట్యూనర్‌తో నేరుగా రికార్డు చేసే ముచ్చట తీరాలంటే దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉంది. అందులో దూరదర్శన్ ఛానళ్లకు తాళం లేదు, సప్తగిరి కూడా వస్తుంది. అందుకు ఉపగ్రహ ప్రసారాలను అందుకునే డీవీబీ-ఎస్2 ట్యూనర్ కావాలి, మీ డీవీబీ-సీ పరికరం పనికిరాదు. 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 ఉపగ్రహం వైపు, అంటే మన ప్రాంతం నుంచి ఆగ్నేయ దిక్కుకు, సుమారు 66 డిగ్రీల ఎత్తుకు డిష్ గొడుగును తిప్పాలి. టీవీహెడ్‌ఎండ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను లైనక్సులో పెట్టుకుంటే, ఒకే ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహంలో ఒక ఫ్రీక్వెన్సీని పంపే భాగం) మీద ఉన్న ఛానళ్లను ఒక్క ట్యూనర్‌తోనే ఏకకాలంలో రికార్డు చేస్తుంది. వచ్చిన డేటాను ఉన్నదున్నట్టు డిస్కులో రాస్తుంది కాబట్టి ప్రాసెసరు మీద భారం దాదాపు ఉండదు.

ప్రశ్న అడిగినవారి సమాధానం
పెన్నాగట్టు, ప్రొద్దుటూరు

అందరికీ ధన్యవాదాలు. ట్యూనర్‌ను తిరిగి పంపేశాను, గడువు ఇంకా రెండు రోజులు ఉండటం నా అదృష్టం. గడియారస్తంభం గారు చెప్పినట్టే ఈజీక్యాప్ తెప్పించాను. మొదట బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చింది, పాల్‌కు మార్చగానే రంగులు వచ్చాయి. శబ్దం రాకపోతే మైక్రోఫోన్ అనుమతి చూశాను, మూసే ఉంది. ఆ రెండు వాక్యాలు మీరు రాసి ఉండకపోతే దాన్ని కూడా తిరిగి పంపేవాడిని.

మొన్న శనివారం నాకు రెండో షిఫ్టు. సాయంత్రం ఆరు గంటల సభకు టాస్క్ పెట్టి, బాక్సును లోకల్ ఛానల్‌లో ఉంచి వెళ్లాను. ఎనిమిదింటికి కరెంటు పోయింది, యూపీఎస్ పావుగంట నిలబడి చేతులెత్తేసింది. వచ్చి చూస్తే ఎంకేవీ ఫైలు రెండు గంటల పదిహేను నిమిషాల వరకు చక్కగా తెరుచుకుంది. సమస్యాపూరణ, దత్తపది పూర్తిగా ఉన్నాయి, ధారణ మాత్రం పోయింది. నాన్నగారు రాత్రి పదకొండున్నర దాకా కూర్చొని, ఆపుతూ వెనక్కి జరుపుతూ నాలుగు పద్యాలు రాసుకున్నారు. ధారణ భాగం కోసం సోమవారం పెన్‌డ్రైవ్ తీసుకొని ఆపరేటర్ ఆఫీసుకు వెళ్లాను, ఇచ్చారు.

ఒక్క సందేహం మిగిలింది. కరెంటు వచ్చిన తర్వాత కంప్యూటర్ దానంతట అదే లేచేలా బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే మూల అమరికల్లో) మార్చాను, అది పనిచేస్తోంది. బాక్సు మాత్రం తిరిగి ఆన్ అయినప్పుడు లోకల్ ఛానల్‌కు కాకుండా ఆపరేటర్ ప్రకటనల ఛానల్‌కు వెళుతోంది. దీనికి ఇన్‌ఫ్రారెడ్ పరికరమే మార్గమా?

సమాధానం 6
గడియారస్తంభం, అనంతపురం

ముందు బాక్సు మెనూలో, ఆన్ కాగానే ఏ ఛానల్ రావాలో ఎంచుకునే సెట్టింగు ఉందేమో చూడండి. కొన్ని బాక్సుల్లో చివరిగా చూసిన ఛానల్ అనే ఎంపిక ఉంటుంది. లేకపోతే ఇన్‌ఫ్రారెడ్ పరికరమే. కంప్యూటర్ లేచిన తర్వాత మూడు నిమిషాలు ఆగి ఛానల్ అంకెలను పంపేలా ఇంకో టాస్క్ పెట్టండి. బాక్సు పూర్తిగా తేరుకోకముందే పంపితే మొదటి అంకె పట్టించుకోదు, మిగతా రెండంకెలతో వేరే ఛానల్‌కు పోతుంది.