పుట్టినరోజు కానుకగా బ్రీడర్ దగ్గర కుక్కపిల్లల్ని చూపించాలి. ఎలా ఏర్పాటు చేసుకోవాలి?

ఉప్పల్_మేనత్త:
అందరికీ నమస్కారం. మా తమ్ముడి కూతురికి ఫిబ్రవరి 15న పదేళ్ళు నిండుతాయి. కుక్కపిల్లలంటే ప్రాణం. ఇంట్లో పెంచాలా వద్దా అన్నది తమ్ముడూ మరదలూ ఇంకా తేల్చుకోలేదు, కాబట్టి ఇప్పుడు కొనిచ్చే ఉద్దేశం లేదు. కానుకగా ఒక గంట కూనలతో ఆడిద్దామని ఆలోచన. శామీర్‌పేట వైపు ఒక బ్రీడర్ దగ్గర జనవరి 10న లాబ్రడార్ ఈనింది, ఏడు పిల్లలు. ఫోన్ చేస్తే "రండి మేడం, చూసుకోండి" అన్నాడు. కొనం అని ఇంకా చెప్పలేదు.

నా సందేహాలు: పుట్టినరోజు నాడే, ఆదివారం తీసుకెళ్ళొచ్చా? అమ్మాయితో పాటు ఇద్దరు స్నేహితురాళ్ళు కూడా వస్తామంటున్నారు, ఫర్వాలేదా? ఊరికే వెళ్తే బాగుండదు కదా, ఎంత ఇవ్వాలి? తల్లికుక్క మీదికి వస్తుందా? మరదలికి దుమ్ము పడదు, తుమ్ములు వస్తాయి, అమ్మాయికి కూడా ఎలర్జీ ఉందేమో అని ఆవిడ భయం.

మేడ్చల్_లాబ్స్:
మేడం, ముందు తేదీ సంగతి చూద్దాం. జనవరి 10న పుట్టినవాటికి ఫిబ్రవరి 15కి 36 రోజులు. కళ్ళు తెరిచి మూడు వారాలు దాటి ఉంటుంది, తప్పటడుగులు పోయి పరుగులు మొదలై ఉంటాయి, చూడ్డానికి ముద్దుగానే ఉంటాయి. కానీ మొదటి టీకా పడి ఉండదు. తెలిసిన బ్రీడరెవడూ ఆ వయసులో బయటివాళ్ళని పిల్లల దగ్గర కూర్చోనివ్వడు. మీ బ్రీడర్ ఇంత తేలిగ్గా రమ్మన్నాడంటే మీరు కొంటారనుకుని ఉంటాడు. అందుకే మొదట "కొనడం లేదు, పాప ఆడుకోవడానికి మాత్రమే" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పండి. అప్పుడు కుదరదంటే ఇంకొకరిని చూసుకోవచ్చు. వెళ్ళాక చెప్తే ఆయన మొహం మాడిపోతుంది, పాప ముందు అది బాగుండదు.

ఆరు వారాలు నిండేది ఫిబ్రవరి 21, శనివారం. ఎక్కువమంది ఆ రోజునో ఆ చుట్టుపక్కలో మొదటి టీకా వేయిస్తారు. నులిపురుగుల మందు రెండేసి వారాలకి పడుతుంది కాబట్టి అదీ అప్పుడే. మర్నాడు పిల్లలు మందకొడిగా పడుకుంటాయి, విరేచనం కాస్త పల్చగా ఉంటుంది. కాబట్టి 22వ తేదీ ఆదివారం కూడా కొట్టేయండి. మార్చి 7కి ఎనిమిది వారాలు, ఆ రోజు నుంచి కొన్నవాళ్ళు తీసుకెళ్ళిపోతారు. మధ్యలో మిగిలింది ఫిబ్రవరి 28, మార్చి 1. అప్పటికి 49, 50 రోజులు. మనుషుల్ని చూస్తే తోకాడించుకుంటూ పరిగెత్తుకొచ్చే వయసు ఇదే. ఒక్కసారే వెళ్తారు కాబట్టి మార్చి 1 ఆదివారం పెట్టుకోండి.

మరి పుట్టినరోజు నాడు చేతిలో ఏం పెట్టాలంటారా? బ్రీడర్ని అడిగి ఏడు పిల్లలూ ఒకే ఫ్రేములో ఉన్న ఫొటో తెప్పించి, ప్రింట్ తీయించి, వెనకాల "మార్చి 1, పొద్దున 9 గంటలు, కూనలతో అరగంట" అని రాసి కవరులో పెట్టండి. పక్కన చిన్న కాలెండర్ ముక్క అంటిస్తే పాప రోజులు కొట్టేసుకుంటూ ఎదురుచూస్తుంది. "నీ కుక్కపిల్ల" అన్న మాట మాత్రం ఎక్కడా రానివ్వకండి.

ఇంకో విషయం. పిల్లల్ని కలిపేయకుండా గుర్తుపట్టడానికి ఒక్కోదాని మెడకి ఒక్కో రంగు రిబ్బన్ కడతాం. పాప పది నిమిషాల్లో "ఆకుపచ్చ రిబ్బన్‌ది నాది" అంటుంది. అనకుండా ఉండదు. ఏవి అమ్ముడయ్యాయి, ఏవి మిగిలాయి అన్నది ఆమె ముందు మాట్లాడొద్దని బ్రీడర్‌తో ముందే అనుకోండి. లేదంటే "ఇది ఒక్కటే మిగిలింది పాపా" అన్న ఒక్క ముక్కతో మీ తమ్ముడి ఇంట్లో రామరావణ యుద్ధం.

వేళ: ఈ వయసులో రోజుకి నాలుగుసార్లు తింటాయి. ఆకలి మీద ఉంటే చేతులు కొరుకుతాయి, తిన్న వెంటనే ఎత్తితే కక్కుతాయి. తిని, బయటికి పోయి, ఒక కునుకు తీసి లేచాక ఇరవై ముప్పై నిమిషాలు మహా హుషారుగా ఉంటాయి. మీకు కావాల్సింది ఆ అరగంటే. "మీ పిల్లలు పొద్దున ఎన్నింటికి లేస్తాయి?" అని అడగండి, ఆ టైముకి పది నిమిషాల ముందు గేటు దగ్గరుండండి. గంట పెట్టుకోకండి. రోజులో పద్దెనిమిది గంటలు పైగా నిద్రపోయే ప్రాణులవి, అలిసిపోయాక ఎత్తుకుంటే చిరాకుపడి ఇంకా కొరుకుతాయి.

ఎత్తుకోవడం: పిల్లలెవరూ నిలబడి ఎత్తుకోకూడదు. ఏడు వారాల లాబ్ నాలుగైదు కిలోలుంటుంది, చేపలా జారుతుంది. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే కూనే ఒళ్ళోకి వస్తుంది. ఎత్తాల్సొస్తే ఒక చెయ్యి రొమ్ము కింద, రెండోది పిర్రల కింద. ముందుకాళ్ళు పట్టుకుని లేపితే భుజం కీలు నొప్పి చేస్తుంది. ముగ్గురు పిల్లలు ఫర్వాలేదు, అంతకు మించొద్దు. ముగ్గురికి మూడు కూనల్నే వదలమనండి, ఏడూ ఒకేసారి మీద పడితే ఎవరో ఒకరు భయపడి లేస్తారు, కింద తోకో కాలో నలుగుతుంది.

తల్లి సంగతి: ముందు పెద్దవాళ్ళు మాత్రమే వెళ్ళి తల్లిని పలకరించండి. అది వాసన చూసి నెమ్మదించాక దాన్ని వేరే గదిలోకి పంపి, అప్పుడు అమ్మాయిల్ని రానివ్వాలి. పాలిస్తున్నప్పుడు కూనలవైపు చెయ్యి చాపొద్దు. లాబ్ అయినా సరే.

డబ్బు గురించి మొహమాటం లేకుండా "మీ సమయానికి ఎంత ఇవ్వమంటారు?" అని అడిగేయండి. కొందరు తీసుకోరు. అలాంటప్పుడు వాళ్ళు ఏ పప్పీ ఫుడ్ పెడుతున్నారో కనుక్కుని అదే కంపెనీ, అదే రకం, సీలు తీయని బస్తా ఇవ్వండి. వేరే రకం తెస్తే పక్కన పడేస్తారు, ఎందుకంటే ఈ వయసులో ఒక్కసారిగా తిండి మారిస్తే కడుపు చెడుతుంది.

వెట్_వరంగల్:
పైన చెప్పినవాటితో ఏకీభవిస్తాను. ఒకటి మాత్రం కలపాలి: టీకా పడింది కదా అని ధీమా వద్దు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఆరు వారాల నుంచి తగ్గుతూ ఉంటుంది, అది పూర్తిగా పోకముందు వేసిన టీకా కొన్నింటిలో పట్టదు. అందుకే మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాల వయసు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ వేస్తాం. మీరు వెళ్ళే రోజుకి ఆ కూనలకి రక్షణ సగం సగమే.

భయమంతా పార్వో అనే వైరస్ జబ్బుతో. రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లో ఆ ఈతలో పుట్టిన కూనలన్నీ పోవచ్చు. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మన వీధి కుక్కల మలం నుంచి చెప్పుల అడుగుకి అంటుకుని లోపలికొస్తుంది. శానిటైజర్ చేతికి రాసుకుంటే సరిపోతుందనుకుంటారు. పార్వో స్పిరిట్‌కి చావదు, ఫినాయిల్‌ని కూడా నమ్ముకోవద్దు. చచ్చేది క్లోరిన్‌కి: అయిదు శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం ఒక వంతుకి ముప్పై వంతుల నీళ్ళు, అంటే లీటరు నీళ్ళకి 33 మి.లీ. పది నిమిషాలు తడిగా ఉండాలి. గేటు దగ్గర టబ్బులో ఒక్క క్షణం కాలు ముంచి తీస్తే దండగ, పైగా అడుగున మట్టి ఉంటే క్లోరిన్ దానికే ఖర్చయిపోతుంది. అంతకంటే తేలిక, చెప్పులు కారులోనే వదిలేసి బ్రీడర్ ఇచ్చిన స్లిప్పర్లు వేసుకోవడం. ద్రావణం మీరే కలిపితే బాత్రూం యాసిడ్‌తో మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది.

బట్టలు ఆ రోజు ఉతికినవి. వెళ్ళేముందు వీధి కుక్కల్ని నిమరకూడదు. చేతులు సబ్బుతో, లోపలికి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. రెండోది మీ పిల్లల కోసం, కూనల ఒంటి మీద నులిపురుగుల గుడ్లు ఉండొచ్చు. మూతి మీద నాకించుకోనివ్వకండి.

ఇక చాలామంది మర్చిపోయేది. ఈ వయసు పాలపళ్ళు సూదుల్లా ఉంటాయి, గోళ్ళూ అంతే. గీరుకోకుండా బయటపడటం అరుదు. రేబిస్ టీకా మూడు నెలలకి గానీ వేయం, కాబట్టి ఈ కూనలకి పడి ఉండదు. తల్లికి ఏటా టీకా వేస్తున్నారా, ప్రహరీలోకి బయటి కుక్కలు వస్తాయా అని అడిగి, తల్లి టీకా పుస్తకంలో తేదీ కళ్ళారా చూడండి. రెండూ సరిగ్గా ఉంటే ప్రమాదం బాగా తక్కువ. అయినా చర్మం గీరుకుంటే పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టరుకి చూపించండి. రక్తం రాని గీత అయినా రేబిస్ టీకా వేయాల్సిన లెక్కలోకే వస్తుంది, రక్తం వస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే ఇంజెక్షన్) కూడా అవసరమవుతుంది. వేయాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయం, మనం ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు. ఈ గొడవంతా తప్పాలంటే పొడుగు చేతుల చొక్కా, మందపాటి ప్యాంటు, సాక్సులు. పావడా, చున్నీ, మువ్వల పట్టీలు, జుట్టుకి వేలాడే రిబ్బన్లు వద్దు. కూనకి అదంతా లాగి కొరికే ఆటవస్తువే.

ఎలర్జీ: అరగంటలో తుమ్ము రాలేదంటే ఎలర్జీ లేదని కాదు. కొందరికి వారాల తరబడి ఒకే ఇంట్లో ఉన్నాకే బయటపడుతుంది. తుమ్ములు, కళ్ళ దురద, చేతి మీద దద్దుర్లు వస్తే మాత్రం మీ మరదలి అనుమానం నిజమేనని గట్టిగా లెక్కలోకి తీసుకోవాలి. ఉబ్బసం ఉన్న పిల్లలెవరైనా వస్తుంటే ఇన్‌హేలర్ వెంట ఉండాలి.

పేపర్లు_చూడండి:
ఆ బ్రీడర్ ఎలాంటివాడో కూడా చూసుకోండి. రేపు మీ తమ్ముడు సరేనంటే మళ్ళీ అక్కడికే వెళ్తారు.

2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కని క్రాసింగ్‌కి (జత కట్టించడానికి) పెట్టకూడదు, జీవితంలో అయిదు ఈతలకి మించకూడదు. నమోదు పత్రం అడిగితే చాలామంది కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితం చూపిస్తారు. అది కుక్క వంశానికి సంబంధించిన కాగితం, బ్రీడర్ లైసెన్సు కాదు. రెండూ వేరు.

వెళ్ళేముందు వీడియో కాల్ చేయించుకోండి. రికార్డు చేసిన వీడియో పంపితే కాదు, లైవ్‌లో తల్లినీ పిల్లల్నీ కలిపి చూపించాలి. "తల్లి ఊళ్ళో లేదు", "రింగు రోడ్డు దగ్గరికి రండి, పిల్లని తెచ్చి చూపిస్తా", "ముందు అడ్వాన్సు కొట్టండి, లొకేషన్ పెడతా" లాంటి మాటలు వినబడితే ఫోన్ పెట్టేయండి. అలాంటిచోట పిల్లలు ఎక్కడెక్కడివో తెచ్చి కలిపినవి అయ్యుంటాయి, జబ్బులూ అలాగే కలిసొస్తాయి.

వెళ్ళాక ముక్కుతో చూడండి. మూత్రం ఘాటు కళ్ళు మండించకూడదు. పొట్ట ఉబ్బి వెన్నెముక కనబడుతున్న కూన ఉంటే నులిపురుగులు. ఏ ఒక్కటైనా మూలకి నక్కి, వాంతి చేస్తూ ఉంటే పిల్లల్ని కారు దిగనివ్వకుండా తిరిగొచ్చేయండి. కానుక ఇంకోసారి.

ఉప్పల్_మేనత్త:
చాలా థ్యాంక్సండీ. బ్రీడర్‌తో మాట్లాడాను. కొనం అంటే కాసేపు ఆలోచించి మార్చి 1కి సరేనన్నాడు, డబ్బొద్దన్నాడు, ఫుడ్ బస్తా తెమ్మన్నాడు. ఇంకో రెండు ప్రశ్నలు. అక్కడే చిన్న కేక్ కోయించొచ్చా? అదే రోజు పొద్దున్నే జూబ్లీహిల్స్‌లోని బ్లూ క్రాస్ జంతు షెల్టర్‌కి కూడా తీసుకెళ్ళి, దత్తత ఇచ్చే కుక్కల్ని చూపిద్దామని తమ్ముడంటున్నాడు. ఒకే ట్రిప్‌లో అయిపోతుంది కదా?

మేడ్చల్_లాబ్స్:
కేకు కారు దగ్గరే కానివ్వండి మేడం, ఆడి వచ్చి చేతులు కడుక్కున్నాక. చాక్లెట్, కిస్‌మిస్ రెండూ కుక్కలకి విషం, కింద పడిన ముక్క కూన నోట్లోకి పోవడానికి ఒక్క సెకను చాలు. బెలూన్లు, పార్టీ పాపర్లు అస్సలు వద్దు. ఈ వయసులో ఒక్క పెద్ద చప్పుడికి బెదిరితే ఆ బెదురు చాలాకాలం పోదు. ఫొటోలకి ఫ్లాష్ ఆపేయండి.

వెట్_వరంగల్:
బ్లూ క్రాస్ ఆలోచన మంచిదే, వరస తిరగేయండి. షెల్టర్‌కి రోజూ రోడ్డు మీది జబ్బు కుక్కలు వస్తాయి, ఎంత శుభ్రంగా ఉంచినా వైరస్ ఉండే చోటు. అక్కడి నుంచి తిన్నగా ఏడు వారాల కూనల దగ్గరికి వెళ్ళకూడదు. ముందు శామీర్‌పేట, తర్వాత ఇల్లు, స్నానం, బట్టలు మార్చుకోవడం, ఆ సాయంత్రమో మరుసటి ఆదివారమో షెల్టర్. అక్కడ కూడా చిన్న కూనల్ని ఎత్తుకోనివ్వకపోతే నొచ్చుకోకండి, పెద్ద కుక్కల దగ్గర కూర్చోబెట్టమని అడగండి.