ఇల్లినాయ్ నల్లజాతి పత్రికల గురించి తెలిసినవారు ఉన్నారా?

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో నల్లజాతివారు నడిపిన పత్రికల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. 'షికాగో డిఫెండర్' గురించి కావలసినంత సమాచారం దొరికింది. రాబర్ట్ అబాట్ 1905లో 25 సెంట్ల పెట్టుబడితో, అద్దెకున్న ఇంటి వంటగదిలోనే ఆ పత్రిక మొదలుపెట్టారు. తొలి సంచిక 300 ప్రతులు. దక్షిణాది ఊళ్లలో అది కంటపడితే తెల్లవారు మండిపడేవారు కాబట్టి, పుల్‌మన్ కంపెనీ పడక రైలు పెట్టెల్లో పనిచేసే నల్లజాతి సిబ్బంది కట్టలు దాచి తీసుకెళ్లేవారు. అక్కడి మంగలి దుకాణాల్లో, చర్చిల్లో ఒక్కో ప్రతి ఎన్ని చేతులు మారేదో! చదువు రానివారికి ఎవరో ఒకరు చదివి వినిపించేవారు.

నా చిక్కంతా డిఫెండర్ దాటాకే. 1908లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, 1917లో ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో నల్లజాతివారి మీద దాడులు జరిగాయి కదా, అప్పుడు ఆ చుట్టుపక్కల నల్లజాతి పత్రికలు ఏమి రాశాయి? అలాగే ఫెర్డినాండ్ బార్నెట్ 1878లో స్థాపించిన 'కన్సర్వేటర్' పాత సంచికలు ఎక్కడైనా మిగిలాయా? (ఆయన భార్య ఐడా బి. వెల్స్ కూడా కొంతకాలం దాన్ని నడిపారు.) డిఫెండర్ వెలుగులో ఇవన్నీ మరుగున పడ్డాయని నా అభిప్రాయం. మైక్రోఫిల్ములను (పాత పత్రికల పేజీలను చిన్నగా ఫొటో తీసి దాచిన ఫిల్ములు) ఇక్కడి నుంచే చూసే దారి ఉంటే, లేదా అక్కడి గ్రంథాలయాల్లో ఎవరిని అడగాలో తెలిస్తే, దయచేసి చెప్పండి.