లాడ్జి వాళ్ల కంటి శిబిరానికి మా బడి హాలు ఇవ్వచ్చా?

బడిపంతులమ్మ: ఫ్రీమేసన్లని ఒక పాత సోదర సంఘం ఉంది, వాళ్ల శాఖని లాడ్జి అంటారు. ఆ లాడ్జి వాళ్లు మా బడిలో ఉచిత కంటి శిబిరం పెడతామంటున్నారు. వీళ్లతో పనిచేసినవాళ్లు ఉన్నారా? ఆపరేషన్ అయ్యాక ముసలివాళ్లని ఎవరు చూస్తారు? మతం మారుస్తారని ఊళ్లో ఒకటే గుసగుస.

గోదారిబిడ్డ: ఏ సంస్థో చెప్పను. మా అమ్మమ్మకి శుక్లం తీయించి బస్సులో తెచ్చి దింపేశారు. నెలపైన వేయాల్సిన చుక్కలు వారానికే ఇచ్చారు. కన్ను ఎర్రబడితే ఫోన్ ఎత్తినవాడు లేడు. ఫ్లెక్సీ ముందు కట్టుతో కూర్చోబెట్టిన ఫొటో మాత్రం ఊరంతా వాట్సాప్‌లో తిరిగింది.

పాతలాడ్జి: నేను మేసన్‌ని, మాస్టర్ (లాడ్జి పెద్ద) కుర్చీలో కూర్చున్నవాణ్ణి. మీటింగులో మతం, రాజకీయం ఎత్తకూడదు. గీత, ఖురాన్, బైబిల్ పక్కపక్కనే ఉంటాయి. దానపు సంచి తిప్పుతాం, ఎవరెంత వేశారో పక్కవాడికి కూడా తెలీదు.

గోదారిబిడ్డ: ఇచ్చేవాడికి గుట్టు కావాలి, పుచ్చుకునే మా అమ్మమ్మకి అక్కర్లేదా?

విశాఖఅల: ఫొటోల్లేకపోతే దాతలు రెండోసారి ఇవ్వరు. శిబిరాలు నడిపి చెప్తున్నా. తెలిసి మాట్లాడండి.

గోదారిబిడ్డ: లెక్కకి సంతకాల రిజిస్టరు చాలదా? మీ అమ్మనైతే అలా కూర్చోబెడతారా?

విశాఖఅల: ఇంట్లోవాళ్ల జోలికి రావద్దు.

డెక్కన్‌కుర్రోడు: హైదరాబాదులో లాడ్జి వాళ్ల పాత భవనం, గోషామహల్ బారాదరి లోపలికి ఎవరైనా వెళ్లారా? తానీషా కాలం నాటిది, 1872 నుంచి లాడ్జి వాళ్ల చేతిలో ఉంది. చిన్నప్పుడు భూత్ బంగ్లా అని భయపెట్టేవాళ్లు.

పాతలాడ్జి: భూతాలూ లేవు, గీతాలూ లేవు తమ్ముడూ. 1961లో మన దేశానికి సొంత గ్రాండ్ లాడ్జి, అంటే లాడ్జిలన్నిటికీ పై సంస్థ, వచ్చింది. అంతకుముందు ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్ వాళ్ల కింద ఉండేవాళ్లం. ఈ చరిత్ర ఎవరూ చదవరు, పుకార్లు మాత్రం నమ్ముతారు.

నర్సక్క: పంతులమ్మగారూ, ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో, మర్నాడు కట్టు విప్పేదెవరు, వారానికీ నెలకీ చూసేదెవరు, చుక్కల ఖర్చు ఎవరిది, కాగితం మీద రాయించుకోండి. షుగరు, బీపీ ముందే చూడాలి. షుగరు ఎక్కువున్నవాళ్లని బస్సెక్కించి, అక్కణ్నుంచి తిప్పి పంపిస్తుంటే చూడలేకపోయేదాన్ని.

బడిపంతులమ్మ: చాలా థాంక్స్ అక్కా. రాసిస్తేనే తాళం ఇస్తా. ఫొటోలు వద్దని కూడా చెప్తా.

విశాఖఅల: అయితే శిబిరమే రాదు, చూడండి.

నర్సక్క: పాతలాడ్జి గారూ, ఆడవాళ్లని చేర్చుకోరటగా?

పాతలాడ్జి: మా గ్రాండ్ లాడ్జిలో మగవాళ్లకే సభ్యత్వం. శిబిరాలకి మా ఇంటి ఆడవాళ్లూ వస్తారు. ముసలమ్మల్ని పట్టుకు నడిపించేదీ, అన్నాలు వడ్డించేదీ వాళ్లే.

నర్సక్క: చాకిరీకి పనికొచ్చినవాళ్లు సభ్యత్వానికి పనికిరారా?

పాతలాడ్జి: అది వేరే చర్చ అమ్మా.

గోదారిబిడ్డ: వేరే ఏం కాదు. ఇక్కడే చెప్పండి.