14416కి ఫోన్ చేస్తే అవతల ఏం జరుగుతుంది?

గోదారిగట్టు:
మా జూనియర్ కాలేజీ నోటీసు బోర్డు మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు పెడుతున్నాం. "14416, ఉచితం, 24 గంటలు" అని రాసి వదిలేస్తే ఎవరూ చేయరని మా అనుమానం. పిల్లలు అడిగేవి వేరే. ఫోన్ ఎత్తినవాళ్లు ఏం అడుగుతారు? ఇంట్లో చెప్పేస్తారా? పోలీసులు వస్తారా? చచ్చిపోవాలన్నంత లేకపోయినా చేయొచ్చా? ఫ్రెండ్ కోసం చేయొచ్చా? ఈ పని తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. ఇంటర్ ఫలితాల లోపు బోర్డు ఎక్కాలి.

వినేచెవి:
ముందుగా వచ్చేది రికార్డు గొంతు, భాష ఎంచుకోమంటుంది. ఇదేదో కస్టమర్ కేర్ అనుకుని అక్కడే పెట్టేసేవాళ్లు ఉంటారు, కాబట్టి ఈ ముక్క బోర్డు మీద తప్పకుండా రాయండి. తెలుగు ఎంచుకున్నాక శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే బలవంతం లేదు. 14416 కలవకపోతే 1800-891-4416, రెండూ ఒకటే సేవ. 2022 అక్టోబరు 10న మొదలైంది, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి కేంద్రం.

చాలా కాల్స్‌లో మొదటి మాట "ఏం లేదండీ, ఊరికే చేశాను". ఆ తర్వాత మౌనం. ఫ్యాను చప్పుడు, ముక్కు ఎగబీల్చడం, అంతే. ఆ మౌనాన్ని గబగబా మాటలతో నింపకూడదని శిక్షణలో నేర్పుతారు. "తొందరేం లేదమ్మా, లైన్లోనే ఉన్నాను" అని ఆగాలి. "ఎందుకు ఫెయిలయ్యావు" లాంటి ప్రశ్న రాకూడదు, ఎందుకు అనగానే సంజాయిషీ అడిగినట్టుంటుంది. "ఇవాళ ఏం జరిగింది?" అంటే నోరు విప్పుతారు.

కాసేపటికి సూటిగానే అడుగుతారు: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని పెద్దలు భయపడతారు. పుట్టదు. లోపల మోస్తున్నవాళ్లకు పైకి అనే చోటు దొరుకుతుంది. అవునంటే ఇంకొన్ని ప్రశ్నలు: ఎన్నాళ్లుగా, ఎప్పుడు అని అనుకున్నారా, ఇప్పుడు పక్కన ఎవరున్నారు, హాని చేసుకునే వస్తువు దగ్గర్లో ఉందా, ఇంతకుముందు ప్రయత్నం జరిగిందా, మద్యం తాగి ఉన్నారా. ఈ రాత్రికి ఎంత తోడు కావాలో తేల్చేది ఈ జవాబులే.

చనిపోవాలన్న ఆ ఉధృతి ఒకే స్థాయిలో నిలబడదు, పెరిగి తగ్గుతుంది. అది పెరిగిన సమయం దాటించడమే ఫోన్ పని. అందుకే వస్తువును దూరం పెట్టించడం మీద అంత పట్టు. పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంటే పక్కింటికి పంపి తాళం వేయించమంటారు, తాళంచెవి ఇంకొకరి దగ్గర. చేయి చాపగానే అందకపోవడం నిజంగా ప్రాణాలు కాపాడుతుంది.

ఫోన్ పెట్టేముందు సేఫ్టీ ప్లాన్ రాయిస్తారు. నోటుబుక్కులో ఒక పేజీ చాలు: నా మూడ్ దిగజారుతోందని ఎలా తెలుస్తుంది (నిద్ర పట్టదు, ఎవరి మెసేజీకీ జవాబివ్వను), అప్పుడు ఒంటరిగా నేను చేయగలిగేది, వెళ్లి కూర్చోగల చోటు, ఫోన్ చేయగల ఇద్దరి నంబర్లు, డాక్టరు లేదా హెల్ప్‌లైన్, ఇంట్లో దూరం పెట్టాల్సినవి. "అమ్మకు చెప్తాను" అని రాస్తే సరిపోదు. "అమ్మ వంట అయ్యాక, ఎనిమిదింటికి, వంటింట్లో" అని రాస్తే పని జరుగుతుంది. అవసరమైతే మానసిక వైద్యులకో, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికో పంపిస్తారు.

ఇంకోటి. చావు ఆలోచన లేకపోయినా చేయొచ్చు. పరీక్షల భయం, నిద్రలేమి, ప్రేమ గొడవ, ఏదైనా సరే.

న్యాయమిత్ర:
పోలీసుల ప్రశ్నకు నేను చెప్తాను. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోది, 2018 మే నుంచి అమలు. దాని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం చికిత్స అందించాలి. 2024 జులైలో ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ అసలు లేదు. 226 ఉంది గానీ, అది ప్రభుత్వోద్యోగిని విధి చేయనివ్వకుండా ఒత్తిడి తెచ్చేందుకు చేసే ప్రయత్నానికే. ఆలోచన వచ్చిందని చెప్పుకోవడం నేరం కానే కాదు.

గోప్యతకు మాత్రం ఒక హద్దు ఉంది. ప్రాణం ఇప్పుడే పోయేలా ఉంటే ఇతరుల సాయం పిలుస్తారు. బోర్డు మీద "ఎవరికీ చెప్పరు" అని రాయకండి. "మీ మాటలు గోప్యం. ప్రాణాపాయం ఉంటే మాత్రం కాపాడటానికి సాయం పిలుస్తారు" అని రాయండి. ముందే నిజం చెప్పకపోతే రేపు ఆ నంబరును ఎవరూ నమ్మరు.

రాత్రిడ్యూటీ:
ఫ్రెండ్ కోసం తప్పకుండా చేయొచ్చు. కానీ క్రమం ముఖ్యం. ఏదైనా మింగినా, గాయమైనా ముందు 108, తర్వాతే ఏదైనా. "బాగానే ఉన్నాను" అన్నా నమ్మి పడుకోబెట్టకండి, కొన్నిటి ప్రభావం గంటల తర్వాత బయటపడుతుంది. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. డబ్బాయో సీసాయో స్ట్రిప్పో దొరికితే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అలాంటిదేమీ జరగకపోతే పక్కనే కూర్చుని, అతను ఒప్పుకుంటే స్పీకర్లో 14416 కలపండి. ఒప్పుకోకపోతే మీరే బయటికెళ్లి చేసి ఏం చేయాలో అడగండి, కానీ ఆ కాసేపు అతని దగ్గర ఇంకొకరు ఉండాలి. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అంటే వేయకండి.

విదేశాల్లో చదివే మనవాళ్ల కోసం ఒక మాట: అమెరికాలో 988. బ్రిటన్‌లో సమారిటన్స్, 116 123.

గోదారిగట్టు:
చాలా ఉపయోగం. ఒక చిక్కు మిగిలింది. హాస్టల్ పిల్లల ఫోన్లు ఆఫీసు బీరువాలో ఉంటాయి.

వినేచెవి:
అయితే నంబరు కంటే ముందు అదే తేల్చాలి. వార్డెన్ ముందు నిలబడి "నాకు చావాలని ఉంది" అని ఏ పిల్లా అనదు. ఆఫీసు బయట, తలుపు వేసుకునే గదిలో ఒక ఫోన్ పెట్టండి, రాత్రి కూడా. కారణం అడగకూడదు, రిజిస్టరులో పేరు రాయించకూడదు, కాల్ లాగ్ చూడకూడదు. అవుట్‌గోయింగ్ ఉందో లేదో, ఛార్జింగ్ ఉందో లేదో రోజూ ఎవరు చూస్తారో పేరుతో సహా నిర్ణయించండి. నంబరు కాగితాన్ని నోటీసు బోర్డుతో పాటు బాత్రూం తలుపు లోపలివైపు కూడా అంటించండి. అక్కడైతే ఎవరూ చూడకుండా చదువుకోవచ్చు. "ఆత్మహత్య పిరికితనం" లాంటి వాక్యం మాత్రం ఆ కాగితం మీద వద్దు. అది చదివిన పిల్ల ఫోన్ దగ్గరికి రాదు.