నర్తకుని భంగి: నటుడా, నాట్యమాడేవాడా?

మల్కాజిగిరి తాతయ్య:
మనవరాలి కోసం చెప్పుల అట్టపెట్టెతో చిన్న నాటకశాల కడుతున్నాను. కురుక్షేత్రం. అక్షౌహిణికొకటి చొప్పున కౌరవులకు 11, పాండవులకు 7 గుడారాలు, అన్నీ పాత శుభలేఖలతోనే. కాగితం బొమ్మలను తీగలకు అతికించి పక్కనుంచి జరిపేదీ, అందరి గొంతులూ పలికేదీ నేనొక్కడినే. అందుకని పైకమాను మీద పోతన గజేంద్ర మోక్షంలో, ఎన్నో రూపాలతో ఆడే దేవుణ్ణి పొగిడే పద్యం మొదటి పాదం "నటుని భంగిఁ బెక్కగు" రాయాలని ఉంది. కానీ నోట్లో ఎక్కడో కుంటుతోంది.

గణవిభజన:
కుంటక ఏం చేస్తుందండీ? అది "నర్తకుని భంగి". ఇది కందపద్యం. కందం గురువుతో మొదలైతే నాలుగు పాదాలూ గురువుతోనే మొదలు కావాలి. మిగతా పాదాల మొదటి మాటలు మూర్తులతో, గీర్తింప, వర్తన... వీటి పక్కన "నటుని" లఘువుతో ఎలా నిలుస్తుంది? ప్రాస "ర్త" సంగతి సరేసరి.

మల్కాజిగిరి తాతయ్య:
నిజమే, చెవి చెప్పింది, బుద్ధి వినలేదు. కానీ నర్తకుడంటే పిల్ల "డాన్సరా తాతయ్యా?" అంటుంది. నా బొమ్మలు నాట్యం చేయవు, అటూ ఇటూ జరుగుతాయంతే.

పాతపుస్తకం:
మీ మాట పొరపడినా అర్థం పొరపడలేదు. సంస్కృత మూలంలో ఉన్నది "యథా నటస్యాకృతిభిర్విచేష్టతః". వేషాలు మార్చే నటుడే. పోతన ప్రాస కోసం నర్తకుణ్ణి తెచ్చాడు.

గణవిభజన:
ప్రాస కోసమా? ప్రాస పుట్టిందే ఆ మాటతో! పద్యం మొదటి మాట అదే అయినప్పుడు దాన్ని బలవంతపెట్టినవారెవరు?

పాతపుస్తకం:
పద్యం మొదటి పాదం నుంచే పుడుతుందని మీకెవరు చెప్పారు? "మూర్తులు, కీర్తి" ముందు తట్టి ఉండవచ్చు.

చిక్కడపల్లి మాస్టారు:
ఇద్దరూ ఆగండి. సంస్కృత నిఘంటువు అమరం మరిచారా? "తాండవం నటనం నాట్యం లాస్యం నృత్యం చ నర్తనే". నటనమూ నర్తనమూ ఒకే వరుసలో ఉన్నాయి. ఈ గోడ మనం తరువాత కట్టుకున్నది.

అరసున్న:
గోడల సంగతి ఎలా ఉన్నా, కమాను మీద అరసున్న (ఁ) మరవకండి. భంగిన్ + పెక్కగు సంధిలో "న్" అరసున్నగా మారి, "పె" కాస్తా "బె" అయింది. సున్న తీసేస్తే పాపం "బె" ఎక్కడినుంచి ఊడిపడిందో ఎవరికీ తెలియదు.

కందప్రియ:
నాకు మాత్రం అక్కడ తోలుబొమ్మలాట కనిపిస్తుంది. "పెక్కగు మూర్తులతో" అన్నాడు కదా, ఆ "తో" చూడండి.

చిక్కడపల్లి మాస్టారు:
"ఎవ్వఁ డాడు" అన్నాడమ్మా, "ఆడించు" అనలేదు. బొమ్మలవాడు తెర వెనక ఉంటాడు. ఇక్కడ ఆడేది వాడే.

కందప్రియ:
మరి "పలికించు విభుండు"? అదీ పోతనదే. తానే బొమ్మగా నిలబడి, పలికించేవాడు రాముడన్నాడు. తాతయ్యగారి పెట్టెకు అసలు సరిపోయేది ఆ పద్యమే.

గణవిభజన:
అది లఘువుతో మొదలయ్యే కందం. ప-లికెడిది, ప-లికించు, ప-లికిన, ప-లికెద. నాలుగుసార్లు అదే మాటతో మొదలుపెట్టి విసుగు పుట్టించకపోవడం ఆయనకే చెల్లింది.

పాతపుస్తకం:
చర్చ దారి తప్పింది. నేనడిగినది మూలంలోని "నట" గురించి.

అరసున్న:
అడిగింది మీరు కాదు, తాతయ్యగారు. గుడారాలు నిలబడుతున్నాయా అండీ?

మల్కాజిగిరి తాతయ్య:
మొదట మైదా బంకకు కాగితం చుట్టుకుపోయింది. ఇప్పుడు బంక అంచుకు మాత్రమే రాస్తున్నాను. 6 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో అర్ధవృత్తం కోసి చుడితే అడుగున సరిగ్గా 6 సెంటీమీటర్ల వెడల్పు గుడారం వస్తుంది. వెనక వరుసవి 4తో కోశాను, దూరంగా ఉన్నట్టు కనిపిస్తాయి. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గీత నొక్కితే తలుపు మడత చక్కగా పడుతుంది. దుర్యోధనుడి గుడారం మీద ఎవరిదో పెళ్లి ముహూర్తం బంగారు అక్షరాలతో అలాగే ఉండిపోయింది.

కమాను మీద ఒక్క పాదమే పట్టింది: "నర్తకుని భంగిఁ బెక్కగు". ఇక్కడితో ఆపితే అన్వయం తెగుతుందా?

గణవిభజన:
తెగుతుంది.

కందప్రియ:
తెగనివ్వండి, తెర లేస్తుంది కదా.

పాతపుస్తకం:
"నట" గురించి ఎవరూ జవాబివ్వలేదు.